వైదేహి నడిపిన విచారణ

పదకొండో భాగం

పోయిన వారం మనం వైదేహిని సీతాఫల్‌మండి రైల్వే స్టేషన్లో, టికెట్ కౌంటర్ పక్కన స్తంభం చాటున వదిలేసి వచ్చాం. పైన కాలివంతెన మీద మౌనిక ఏడుస్తోంది. సాకేత్ జేబురుమాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. వైదేహి చూసింది అంతే. అంతకన్నా చూడ్డానికి అక్కడేమీ లేదు కూడా. కానీ చూడనిది ఊహించుకోవడంలో ఆమెను మించినవాళ్ళు తార్నాకలో లేరు.

ఈ వారమే మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ ముగ్గురూ యూనివర్సిటీ లా డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ స్కాలర్లు. వైదేహికీ సాకేత్‌కీ వచ్చే నెల తాంబూలాలు. ఇద్దరి ఇళ్ళూ తార్నాకలోనే. మౌనిక ప్రొద్దుటూరు పిల్ల, హాస్టల్లో ఉంటోంది. సాకేత్ ఆమెకు లైబ్రరీలో పుస్తకాలు వెతికిపెట్టడం మొదలైన నాటి నుంచి వైదేహికి కంటి మీద కునుకు లేదు. అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతం చెప్పినట్టల్లా ఆడింది మన వైదేహి. వాళ్ళమ్మ కామాక్షి తన పేరు మీద తీసుకుని, కొన్నాళ్ళు వాడి పక్కన పడేసిన పాత సిమ్ము తీసి, దాన్నుంచి మౌనికకు పేరులేని మెసేజీలు పెట్టింది. ‘సాకేత్‌ని వదిలెయ్.’ ‘మీ నాన్న రామాంజనేయులుకి ఫోన్ చేసి నీ వేషాలు చెప్పమంటావా?’ ఇంకా ఇక్కడ రాయలేనివి కొన్ని. ఆ ఆదివారం స్టేషన్ నుంచి ఇంటికొచ్చి పెట్టిందే ఆఖరిది: ‘వంతెన మీద ఏడుపు బాగుంది.’

తెల్లవారింది. సోమవారం. ఆ రోజే డిపార్ట్‌మెంట్‌లో విచారణ.

ప్రొఫెసర్ పార్థసారథి గారికి ఒక పిచ్చి ఉంది. ఏటా ఒక పూట సెమినార్ హాలును ఐర్లండ్ పోలీస్ స్టేషన్‌గా మార్చేస్తారు. అక్కడి పోలీసుల్ని గార్డా అంటారు. ఒకరు గార్డా, ఒకరు నిందితుడు, ఒకరు నిందితుడి లాయరు. మిగతా క్లాసంతా ప్రేక్షకులు. చట్టం చదివితే పరీక్ష పాసవుతారు, నోటితో పలికితే లాయర్లవుతారు అని ఆయన సిద్ధాంతం. అటెండర్ పోచయ్యకు తలుపు దగ్గర కాపలా ఉద్యోగం. ఏటా అదే వేషం, ఏటా ఏదో ఒక కొత్త ప్రశ్న.

“సార్, ఈ ఐర్లాండోళ్ళు దొంగకు చాయ్ గూడ పోస్తరా?” అన్నాడు పోచయ్య, ట్రే పట్టుకుని.

“పోస్తారు. వేళకి అన్నం కూడా పెట్టాలి. రూలు.”

“అయితే మంచిగున్నది. నన్ను గూడ ఓసారి పట్కపోమను.”

క్లాసు నవ్వింది. వైదేహి నవ్వలేదు. ఆమె చూపంతా బల్లకు అవతలి వైపు ఉంది. గార్డా వేషం ఆమెది. నిందితురాలు మౌనిక. నిందితురాలి లాయరు సాకేత్. ప్రొఫెసర్ గారు చీటీలు వేసి తీశారు, ఎవర్నీ అనడానికి లేదు. కానీ లాయరన్నవాడు నిందితురాలి కుర్చీకి అంత దగ్గరగా కుర్చీ జరుపుకోవాలని ఏ చట్టంలో ఉంది?

కేసు చిన్నదే. డబ్లిన్ వీధిలో ఒక సైకిలు పోయింది. అది నిందితురాలి దగ్గర దొరికింది. సాయంత్రం దాకా తొక్కుకుని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను అని ఆమె వాదన. అక్కడ ఆ వాదన చెల్లదు. సొంతదారుకు తెలియకుండా, అన్యాయంగా, ఒక్క పూట దూరం చేసినా దొంగతనమే. అక్కడి నేరాల చట్టం మీద వైదేహి తన థీసిస్‌లో ఒక అధ్యాయం రాసింది. ఐర్లండ్‌లో పోలీసు ఎవర్ని ఎప్పుడు పట్టుకోవచ్చో, ఎన్ని గంటలు ఉంచొచ్చో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. చెప్పేవి శ్రీరంగనీతులు అని మీరు గొణుక్కుంటే నేను కాదనను.

“దొంగతనం నేరం మీద మిమ్మల్ని అరెస్టు చేశాం,” అని మొదలుపెట్టింది వైదేహి. గొంతు ఖంగుమంది. “మీకు ఇష్టమైతే తప్ప ఏమీ చెప్పనక్కర్లేదు. చెప్పినదాన్ని రాసుకుంటాం. దాన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టొచ్చు. అర్థమైందా?”

మౌనిక సాకేత్ వైపు చూసింది. అతను తల ఆడించాడు.

“అర్థమైందండీ,” అంది మౌనిక.

“ఆ సైకిలు మీది కాదని మీకు తెలుసా?”

మళ్ళీ సాకేత్ వైపు చూపు. అతను ఆమె చెవి దగ్గరకి వంగి ఏదో అన్నాడు.

“చెప్పేదేం లేదండీ.”

“ఎవరిదో కనుక్కునే ప్రయత్నం చేశారా?”

చూపు. చెవిలో మాట.

“చెప్పేదేం లేదండీ.”

లాయరు అలాగే చెప్తాడు. మాట్లాడకపోవడం నిందితురాలి హక్కు. వైదేహికి ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా, అతను వంగినప్పుడల్లా ఆ రెండు తలల మధ్య దూరం కొలిచింది. అతని ఊపిరి మౌనిక చెంపకి తగులుతుందేమో. ఆ రుమాలు ఇంకా మౌనిక దగ్గరే ఉందేమో. ఉతికి ఇస్తుందా, దాచుకుంటుందా?

“ఇంకొకరిది తీసుకుంటే వాళ్ళకి ఎలా ఉంటుందో ఎప్పుడన్నా ఆలోచించారా?” అంది.

“ఆఫీసర్ గారూ, ఇది ప్రశ్నా, ప్రవచనమా?” అన్నాడు సాకేత్.

వెనక వరసల్లో నవ్వులు. వైదేహి చెవులు వేడెక్కాయి.

“కాసేపు తిరిగి ఇచ్చేస్తానంటే సరిపోతుందా? అది ఎవరిదో మీకు తెలీదా? క్యాంపస్ అంతా తెలుసు. వచ్చే నెల...” అని ఆగింది.

సైకిలుకి వచ్చే నెల ఏముంటుందో క్లాసులో సగం మందికి అర్థం కాలేదు. అర్థమైన సగం మంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సాకేత్ నవ్వు ఆపేశాడు. ప్రొఫెసర్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఈర్ష్య పడే మనిషికి ఆగడం తెలిస్తే ఈ సీరియలే ఉండేది కాదు.

“మరొక సెక్షన్ కింద అడుగుతున్నాను,” అంది వైదేహి. “ఒక చోట మీరు ఎందుకున్నారో చెప్పమని అడిగే అధికారం నాకుంది. చెప్పకపోతే ఆ మౌనాన్ని కోర్టు మీకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు. నిన్న సాయంత్రం సీతాఫల్‌మండి స్టేషన్ వంతెన మీద మీరెందుకున్నారు?”

“డబ్లిన్‌లో సీతాఫల్‌మండి ఎక్కడుంది మేడమ్?” అన్నాడు సాకేత్. ఈసారి అతని గొంతులో వేళాకోళం అతికీ అతకనట్టు ఉంది.

“నిందితురాలు జవాబు చెప్పాలి.”

“వైదేహీ,” అన్నారు ప్రొఫెసర్ గారు నెమ్మదిగా. “ఆ సెక్షన్ అలా పనిచెయ్యదమ్మా. నేరం జరిగిన వేళకి, జరిగిన చోట, పోలీసు ఆమెను కళ్ళారా చూసి ఉండాలి. ఎక్కడో తిరిగిన మనిషిని పట్టుకుని నువ్వక్కడ ఎందుకున్నావని అడగడానికి కాదది. పోలీసు చేతిలో ఎంత అధికారం పెట్టారో, దాని చుట్టూ అంత కంచె కట్టారు. మనం చదివేది ఆ కంచె గురించి.”

“కళ్ళారా చూసింది సార్. పోలీసు చూసింది.” ‘మీరు’ అనడం కూడా మర్చిపోయి మౌనిక వైపు తిరిగింది. “వంతెన మీద నిలబడి ఎందుకేడ్చావు? అతని రుమాలు నీకెందుకు? జవాబు చెప్పు!”

మౌనిక తలెత్తింది. ఈసారి లాయరు వైపు చూడలేదు. వైదేహినే చూసింది, చాలాసేపు చూసింది. ఆ చూపులో ముందు ఏమీ అర్థం కానితనం ఉంది. తర్వాత ఏదో అర్థమైంది. అర్థమవుతుంటే ఆ మొహం పాలిపోవడం వైదేహికి స్పష్టంగా కనబడింది.

“నేను ఏడ్చినట్టు నీకెవరు చెప్పినారక్కా?” అంది మౌనిక.

“ప్రశ్నలడిగేది నేను.”

“సరే. నువ్వే అడుగు.”

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ప్రొఫెసర్ గారు లేచి, “పోచయ్యా, టీ ఇవ్వు. గార్డా స్టేషన్‌కి కాస్త విరామం,” అన్నారు. సాకేత్ అప్పటికే ఫోన్ మోగితే ఎత్తి బయటికి వెళ్ళాడు. అతని మొహం ఎర్రగా ఉంది. పెళ్ళాడబోయే మనిషి తనని దొంగచాటుగా వెంబడించి చూసిందని అతనికి తెలిసిపోయింది. అతనికి తెలిసింది అంతవరకే.

వైదేహి మెట్ల కిందికి వచ్చి నిలబడింది. టీ గ్లాసు అక్కడే గోడ మీద పెట్టేసింది. వెనకాలే మౌనిక వచ్చింది. తన ఫోన్ తీసి చూపించింది. ‘వంతెన మీద ఏడుపు బాగుంది.’

“ఇది నేను ఎవురికీ చూపీలేదు,” అంది మౌనిక. “సాకేతన్నకి కూడా. సిగ్గయింది నాకు. ఇది నాకూ, పంపినోళ్ళకీ తప్ప ఎవురికీ తెలీదు.”

“ఏంటిది? నాకెందుకు చూపిస్తున్నావు?”

“అక్కా.”

ఆ ఒక్క మాటకి వైదేహి నోట రావలసిన అబద్ధం రాలేదు. గోడ వైపు చూసింది.

“నిన్న నేనెందుకేడ్చినానో అడిగినావు గదా? చెప్తా విను. నువ్వు దానికి ముందర పెట్టిన మెసేజీ చూసి ఏడ్చినా. మా నాయన పేరెత్తినావు దాంట్లో. మా నాయనకి ఫోనొస్తే, నిజమా అబద్ధమా అని గూడ అడగడు. చదువు మాన్పించి ఇంటికి తోలుకోని పోతాడు. ప్రొద్దుటూరు నుంచి ఇంత దూరం రావడానికి నేను ఎంత ఏడ్చి ఉంటానో నీకేం తెలుసు?”

వైదేహి స్తంభం చాటు నుంచి చూసిన ఏడుపు తను పంపిందే. ఆ ఏడుపును చూసే రాత్రంతా కుళ్ళి చచ్చింది.

“మెసేజీల్లో సాకేతన్న పేరుండాది. అందుకే ఆయన్ని అడిగినా, ఏం చెయ్యల్లన్నా అని. కంప్లైంటు ఆయనే రాసిచ్చినాడు. నీకు చెప్దామంటే వద్దన్నాడు. తాంబూలాల ముందర వైదేహి బాధపడుతుంది, తనకి తెలీకుండానే తేల్చేద్దాం అన్నాడు.”

“నిజంగా అలా అన్నాడా?” అంది వైదేహి గబుక్కున. “నేను బాధపడతానని? నా కోసమే దాచాడా? నీ కోసం కాదా?”

మౌనిక ఆమెను వింతగా చూసింది.

“పొద్దున్నే పోలీసు స్టేషన్లో కంప్లైంటు ఇచ్చొచ్చినాం. ఎవురిమీదైనా అనుమానముండాదా అని అడిగినారు. మా శశిధర్ బావ పేరు చెప్పినా. నన్ను చేసుకుంటానని వెంటపడినాడు, నేను వద్దన్నా, కోపంగా పోయినాడు. ఆయన గాక ఇంకెవురుంటారు అనుకున్నా. వారాసిగూడలో రూములో ఉంటాడు, గవర్నమెంటాఫీసులో పని. ఆఫీసుకి పోతున్నోన్ని దోవలోనే తీసకపోయి కూర్చోబెట్టినారు. ఒక మనిషి ఏం చెయ్యకనే పోలీసు స్టేషన్లో కూర్చోనుండాడు. నువ్వు నన్ను అడిగేది ఇదా? సాకేతన్న ఎవురి కోసం దాచినాడనా?”

మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, అవును. వైదేహికి ముందు తట్టింది అదే. సిగ్గు తర్వాత వచ్చింది. వచ్చాక మాత్రం నిలువునా వచ్చింది.

“అరెస్టు చేశారా?” అంది.

“ఏమో నాకేం తెలుసు? ఊరికే మాట్లాడాల రమ్మన్నారంట.”

ఊరికే మాట్లాడాలి, రా. వైదేహి ఎన్ని పేజీలు రాసింది దీని మీద! డబ్లిన్‌లో అలా పిలిస్తే రావచ్చు, వెళ్తానని లేస్తే వెళ్ళనివ్వాలి. ఆపాలంటే అరెస్టు చేస్తున్నామని చెప్పాలి, ఎందుకో మామూలు మాటల్లో చెప్పాలి, అక్కణ్ణించి గంటలు లెక్క. ఇక్కడా చట్టం ఉంది, చెడ్డదేం కాదు. కానీ లేచి వెళ్ళిపోతానని అనగలిగిన మనిషి ఎవరు? వారాసిగూడ రూములో ఉండే చిన్న ఉద్యోగి అనగలడా? ఇక మెసేజీలు పంపి వేధించడానికి ఐర్లండ్‌లో పదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. అదీ ఆమె అధ్యాయంలోనే ఉంది. రాసేటప్పుడు ఆ నేరం చేసేవాళ్ళు ఎలా ఉంటారో ఆమె ఊహించుకున్నది వేరు.

“నేను చెప్పను,” అంది మౌనిక. “చెప్తే సాకేతన్న నీ మొహం చూడడు. నాకా పాపం వద్దు. నువ్వే చెప్పల్ల. పొద్దు గుంకక ముందరే చెప్పల్ల. చెప్పకపోతే అప్పుడు నేను చెప్తా.”

అంతలో సాకేత్ వచ్చాడు. ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాడు. వైదేహిని చూసి ఒక క్షణం ఆగాడు.

“స్టేషన్ నుంచి ఫోన్. ఇంకో మాట రాయించుకోవాలట, రమ్మంటున్నారు. మౌనికా, నువ్వు...”

“మీరిద్దరూ ముందర పోండన్నా. నేను ఆటోలో వెనకాల వస్తా. వైదేహక్కని తీసకపో. సెక్షన్లు ఆమెకి బాగా తెలుసు.”

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వైదేహి వెతికింది. లేదు. ఇద్దర్నీ కావాలనే ఒంటరిగా పంపిస్తోంది ఆ పిల్ల. చెప్పడానికి దారి ఇస్తోంది. తను ఇన్నాళ్ళూ ద్వేషించిన మనిషి తనకి ఇంత మర్యాద చేస్తుందని తెలిశాక, ఆమె మీద ఇంకా కోపం వచ్చింది.

సాకేత్ బండి తీశాడు. వైదేహి వెనక కూర్చుంది. క్యాంపస్ రోడ్డు మీద చెట్ల నీడ పడుతూ పోతూ ఉంది.

“నువ్వు నిన్న అక్కడున్నావని నాకు తెలీదు వైదూ,” అన్నాడు సాకేత్. “కోపం నాకూ వచ్చింది, అందరి ముందూ అలా అడిగేసరికి. కానీ తప్పు నాదే. నీకు చెప్పాల్సింది. ఎవడో వెధవ ఆ అమ్మాయికి నా పేరు ముడిపెట్టి మెసేజ్‌లు పంపుతున్నాడు. చదివితే నీకు వాంతొస్తుంది. అంత నీచంగా ఉన్నాయి.”

వైదేహి అతని భుజం మీద వేసిన చెయ్యి తీయలేదు, బిగించలేదు. నీచంగా ఉన్నాయి అన్నాడు. అతనికి తెలియని మనిషి గురించి అన్నాడు. ఆ మనిషి అతని వెనకే కూర్చుని ఉంది.

“ఇంత చెత్త రాసేవాళ్ళు మనలాగే తిని తిరుగుతుంటారంటే నమ్మబుద్ధి కాదు,” అన్నాడు.

చెప్పెయ్యాలి. ఈ మలుపు దాటాక చెప్పేస్తా. ఈ స్పీడ్ బ్రేకర్ దాటాక. చెప్తే తాంబూలాలు ఉండవు, ఈ భుజం ఉండదు, వైదూ అన్న పిలుపు ఉండదు. చెప్పకపోతే అన్నీ ఉంటాయి. ముక్కూమొహం తెలియని శశిధర్ ఒకడు మాత్రం మధ్యలో నలుగుతాడు. నంబరు వివరాలు వస్తే అతను కాదని ఎలాగూ తేలుతుంది కదా, వదిలేస్తారు కదా అని మనసు నచ్చజెప్పింది. ఆ వివరాల్లో తేలే పేరు కామాక్షిది. అది గుర్తొచ్చి వైదేహి కళ్ళు మూసుకుంది.

తార్నాక సిగ్నల్ దగ్గర ఫోన్ మళ్ళీ మోగింది. సాకేత్ బండిని పక్కకి తీసి ఎత్తాడు. బస్సుల రొదలో వినబడక స్పీకర్ పెట్టాడు.

“సార్, స్టేషన్ కెల్లి మాట్లాడుతున్న. మీరు జల్ది రాండ్రి. పోరగాడు ఒప్పుకున్నడు.”

“ఒప్పుకున్నాడా?”

“ఆ సార్. నేనే పంపిన, తప్పయింది అంటున్నడు. కొద్దిగ గట్టిగ అడిగితే చెప్పిండు. నంబరు డీటెయిల్స్ ఇంక రాలే గానీ, గవి ఎందుకు గిప్పుడు? కంప్లైంటిచ్చిన మేడమ్‌ని తోల్కరాండ్రి, కేసు లేకుంట గీడ్నే మాట్లాడి తెంపుదాం. లేదంటరా, వాని ఆఫీసుకు కాయితం పంపుతం.”

సాకేత్ ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాడు. మొహం విప్పారి ఉంది. చాలా రోజుల తర్వాత ఆమెకు కనబడిన మొహం అది.

“చూశావా! నేను ముందే అనుకున్నా, వాడేనని.”

పోలీసుల ముందు ఒప్పుకున్నది ఇక్కడి కోర్టులో చెల్లదు. వైదేహికి అది తెలుసు. కానీ కోర్టు దాకా ఎవరు పోతారు? ఆఫీసుకు ఒక కాగితం పోతే చాలు, అతని బతుకు బజారున పడుతుంది. చెయ్యని తప్పును ఆ మనిషి ఎందుకు నెత్తిన వేసుకున్నాడు? ఎంత గట్టిగా అడిగితే ఒప్పుకున్నాడు? ఇవన్నీ తర్వాత వచ్చిన ఆలోచనలు. మొదట ఆమె గుండె తేలికైంది. తప్పించుకున్నాననిపించింది. ఆ తేలికదనం నిజంగా హాయిగా ఉంది.

“పాపం మౌనిక,” అన్నాడు సాకేత్ బండి స్టార్ట్ చేస్తూ. “ఇవాళైనా ఆ పిల్ల కంటినిండా నిద్రపోతుంది.”

ఆ పేరు అతని నోట అంత మెత్తగా రావడం వైదేహికి చురుక్కుమంది. ఒక మనిషి పోలీసుల చేతిలో ఉన్నాడు. తన కారణంగా ఉన్నాడు. అయినా తనని ముందు నొప్పించింది ఆ పేరు పలికిన తీరు. ఇక తనలో మిగిలింది ఇదేనా? రేపు పెళ్ళయి అతని పక్కన కూర్చున్నా ఇలాగే వింటూ ఉంటుందా, ఎవరి పేరు ఎంత మెత్తగా పలికాడో లెక్క చూసుకుంటూ? తన మీద తనకి భయం వేసింది.

పచ్చ లైటు పడింది. వెనక బస్సు హారన్ కొట్టింది. బండి కదలబోతుండగా వైదేహి దిగిపోయింది.

“ఏమైంది? ఎక్కు, వెనక వాళ్ళు తిడుతున్నారు!”

“అతను కాదు సాకేత్.”

“ఎవరు?”

“శశిధర్ కాదు. ఆ మెసేజీలు అతను పంపలేదు.”

“వాడే ఒప్పుకున్నాడు కదా? ఇప్పుడేగా విన్నావు?”

“ఒప్పుకున్నా అతను కాదు.”

పక్కనుంచి ఆటోలు తప్పుకుని పోతున్నాయి. ఎవడో కిటికీలోంచి తల బయట పెట్టి ఏదో అరిచాడు. సాకేత్ బండి ఆపేశాడు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆమె మొహంలోకి చూశాడు. పొద్దున హాలులో అడిగిన ప్రశ్న, అంతకు ముందు రోజు స్తంభం చాటున నిలబడిన మనిషి, ఇప్పుడు నడిరోడ్డు మీద ఈ మాట, అన్నీ ఒక్కొక్కటిగా అతని కళ్ళలో చేరుతున్నాయి. చిరునవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, పోతోంది.

“నీకెలా తెలుసు?” అన్నాడు.